ఎత్తుకుపోయే హక్కు

నది బడి మెట్లెక్కి లోపల నల్లబల్లను సగందాకా తడిపిన ఏడాది జరిగిందిది. నీళ్లు దిగేసరికి ఊళ్లో పురుగుమందు కొట్టే పంపులు రెండే మిగిలాయి. ఒకటి ఊరి చేతి పంపు. రెండోది వైసలే మోటారు పంపు. మిగతావన్నీ కోళ్లగూళ్లతో, పడవలతో కలిసి సముద్రానికి పోయాయి. మిగిలిన రెండూ వైసలే పాకలోనే ఉండేవి. ఆ పాక మిట్ట మీద ఉంది, దానికి తాళం ఉంది.

వరద వదిలిపోయిన ఒండ్రులో, చలి మొదలవగానే ఊరంతా క్యాబేజీ నాటింది. అపెనీసా కూడా నాటాడు. కాకపోతే అతను పొలం చుట్టూ ఆవ మొక్కలు వరసగా పెట్టాడు. గట్ల మీద కొత్తిమీర చల్లి, కోయకుండా పూతకు వదిలేశాడు. మందు మాత్రం చుక్క కూడా కొట్టలేదు.

మంగళవారం సాయంత్రం ఊరి పెద్ద ఇనోకే ఇంట్లో మగవాళ్లంతా చాప మీద కూర్చున్నారు. నడుమ గిన్నెలో యంగోనా, వేరు నూరి కలిపిన మత్తునీళ్లు. కొబ్బరి చిప్ప ఒకరి తర్వాత ఒకరికి అందుతోంది, తాగినప్పుడల్లా చప్పట్లు వినబడుతున్నాయి. వైసలే తన వంతు తాగి, మూతి తుడుచుకుని, చంకలోంచి ఒక క్యాబేజీ ఆకు తీసి చాప మీద పరిచాడు.

"ఇది మన మూగ బావ పొలంలోది. చూడండి. తెల్లగా, బియ్యపు గింజల్లాగా. పురుగు గుడ్లు. మనమంతా మందు కొట్టి చస్తుంటే ఈయన అక్కడ పురుగులకి హోటల్ నడుపుతున్నాడు. పక్కలు పరిచి, పూలు పెట్టి మరీ."

అందరూ నవ్వారు. ఆకు చేతులు మారింది.

"అవి గుడ్లు కావు" అన్నాడు అపెనీసా.

"మరేంటి?"

"కందిరీగలు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఇనోకే నవ్వలేదు. అతని పొలంలో కూడా అడుగు పెడితే చాలు, బూడిద రంగు రెక్కల పురుగులు ఆకుల కింద నుంచి పొగలా లేస్తున్నాయి. మూడు రకాల మందు ఒకే డబ్బాలో కలిపి కొట్టినా లేస్తున్నాయి.

"అపెనీసా, నీ సంగతి నాకు తెలుసు. ఊరికే ఏదీ చెయ్యవు. కానీ అందరి పొలాలూ తగలబడుతున్నాయి కదా" అన్నాడు ఇనోకే. "శనివారం మొత్తం ఒకేసారి కొడదాం. ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా. నీదీ కలిపి."

"సోమవారం కొట్టండి."

"సోమవారం దాకా ఆగితే మాకేం మిగులుతుంది?"

చిప్ప అపెనీసా దాకా వచ్చింది. తాగాడు. మాట ఖాయమైపోయింది.

బుధవారం పొద్దున్నే అతను పొలంలో ఉన్నాడు. ముందు ఆవ మొక్కల దగ్గరికి వెళ్లాడు. రెక్కల పురుగులు క్యాబేజీ కన్నా ఆవ మీదే ఎక్కువ ఇష్టంగా వాలి గుడ్లు పెడతాయి. సబ్బునీళ్ల బకెట్ కింద పెట్టి, ఒక్కో మొక్కనూ మెడ పట్టి వంచి దులిపాడు. పచ్చపురుగులు దారాలు వదులుతూ జారి నీళ్లలో పడ్డాయి. తర్వాత క్యాబేజీలోకి దిగాడు. అతను నడిచేది తిన్నగా కాదు, మూలకి మూల. ఆగిన చోటల్లా వంగి, కింది ఆకును రెండు వేళ్లతో తిప్పి, వెనక చూసి, మళ్లీ అలాగే వదిలేస్తాడు. పక్క పొలం వాళ్లకు ఆయన మొక్కలకు దండాలు పెడుతున్నట్టు కనిపిస్తుంది.

పడవలో నది దాటి ప్రేమిలా వచ్చింది. వ్యవసాయ శాఖ పిల్ల. ప్లాస్టిక్ డబ్బాలో ఆ కందిరీగల్ని తెచ్చి ఈ పొలంలో వదిలింది ఆమే. చెప్పులు చేత పట్టుకుని ఒండ్రులో నడిచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"చూపించండి పెద్దాయనా."

అతను ఆకు తిప్పాడు. వెనక తెల్ల గింజలు. ఇంకో ఆకు. అక్కడా ఉన్నాయి. ఇంకో మొక్కకు జరిగారు. ప్రేమిలా మాట్లాడటం మానేసింది. మోకాళ్ల మీద పాకుతూ వరస పొడుగునా తిప్పుకుంటూ పోయింది. చివరకు లేచి నిలబడితే ముఖమంతా మట్టి, పళ్లు మాత్రం తెల్లగా.

"పెద్దాయనా, నేను ఇన్ని ఎక్కడా చూడలేదు. పురుగులో పుట్టి, పురుగుని తినేసి బయటికొచ్చి గూడు కట్టాయి ఇవి. ఆదివారానికల్లా చిట్లుతాయి. ఒక్కసారి చిట్లాయంటే ఈ పొలం ఒక్కటే కాదు, ఏటి ఒడ్డంతా..." అని ఆగింది. అతని ముఖం చూసింది. "ఏమైంది?"

"శనివారం మందు కొడతారంట."

"మీ పొలంలోనా? వద్దని చెప్పలేదా?"

"చెప్పా."

"ఏమని?"

"సోమవారం కొట్టమని."

ప్రేమిలా నుదురు పట్టుకుంది. "అంతేనా చెప్పింది? ఎందుకు, ఏమిటి, ఏం చెప్పలేదా? మందు పడితే ముందు చచ్చేది ఇవే. పచ్చపురుగుకి ఆ మందు అలవాటైపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. మళ్లీ నాకు డబ్బా ఇస్తారో లేదో కూడా తెలీదు."

అతను గడ్డి పరక ఒకటి తెంపి నోట్లో పెట్టుకున్నాడు. పెద్దల మాట ఆమె కాదనడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ రాత్రి అన్నాల దగ్గర భార్య మెరేసెయిని ఇద్దరి మాటలూ తనే మాట్లాడింది. చేమాకు కొబ్బరిపాలలో ఉడికించింది. అతని పళ్లెంలో వేస్తూ అంది: "ఇనోకే ముందర నోరు తెరిస్తే పళ్లు రాలిపోయేవా? ప్రేమిలా నాకు చెప్పింది అంతా. ఆ పిల్ల చెబుతుంటేనే నాకు ఒళ్లు పులకరించింది. పురుగులో పురుగంట. శనివారం మందు పడితే నువ్వు వెళ్లి చెట్టు కింద కూర్చుంటావు. నేను ఎవరికి చెప్పుకోను? వైసలే చూడు, ఎలా నెగ్గించుకుంటాడో. వాడికి నోరుంది."

"ఉంది" అన్నాడు అపెనీసా.

వైసలే మా ఊరివాడు కాదు. వలోతు దీవివాడు, ఇక్కడి పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆ దీవికీ మా ఊరికీ మూలదైవం ఒక్కడే. అలాంటి ఊళ్లవాళ్లు ఒకరికొకరు తౌవూలు. తౌవూను ఎంత మాటైనా అనవచ్చు. అతని వస్తువు ఏదైనా అతని కళ్ల ముందే ఎత్తుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. పోయిన వస్తువును తిరిగి అడగకూడదు. కావాలంటే వెళ్లి ఇంకోటి ఎత్తుకురావాలి. అయితే మాట్లాడకుండా తీసుకుంటే అది దొంగతనం. పట్టపగలు, నలుగురి ముందు, తిట్టి మరీ తీసుకోవాలి.

ఊళ్లో అందరూ వైసలే కోళ్లు తిన్నవాళ్లే. వైసలే కూడా తక్కువవాడు కాదు. అపెనీసా ఇంట్లోంచి పందిపిల్లను ఎత్తుకుపోయాడు, కొత్త చాప ఎత్తుకుపోయాడు, ఒకసారైతే పొయ్యి మీది చేపల కూరను కుండతో సహా దించుకుపోయాడు. అపెనీసా ఒక్కసారి కూడా బదులు తీసుకోలేదు. తిట్టడానికి నోరు పెగలాలి కదా అని ఊళ్లో అనుకునేవారు.

శుక్రవారం పొద్దున వైసలే ఎడ్లను తోలుకుంటూ అపెనీసా గట్టు మీదుగా వచ్చాడు. ఆగి, లుంగీ ఎగ్గట్టి, ఒక కాలు గట్టుకు ఆనించాడు.

"ఏం బావా, హోటల్ నిండిందా?"

అపెనీసా ఆకు తిప్పుతున్నాడు.

"రేపు నీ పొలంతోనే మొదలుపెడదామనుకుంటున్నా. మోటారు పంపు. ఈ మూల నిలబడి కొడితే ఆ మూల దాకా పోతుంది. నీ కందిరీగలకి ఈత రాదేమో పాపం."

అతను ఇంకో ఆకు తిప్పాడు. దాని వెనక గూళ్లలో ఒకదానికి చివర నల్లగా మచ్చ కట్టింది. లోపలిది కదలడానికి సిద్ధమవుతోంది. అపెనీసా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"మాట్లాడవేం కొండ కప్పా? వద్దంటే వచ్చి నా పంపు ఎత్తుకుపో. నీకు హక్కుంది. నోరే లేదు" అని వైసలే ఎడ్లను అదిలించి, నవ్వుకుంటూ పోయాడు.

అపెనీసా ఆకును మెల్లగా వదిలాడు. వైసలే వంపు తిరిగేదాకా చూశాడు. లేచాడు. బకెట్ అక్కడే వదిలేశాడు. అతను బకెట్ పొలంలో వదిలి రావడం మెరేసెయిని ఎప్పుడూ చూడలేదు. పెరట్లో కర్రపెండలం చెక్కుతున్న ఆమె, ఆయన ఇంటి ముందు నుంచి ఆగకుండా పోవడం చూసి, కత్తి చేతిలో ఉండగానే వెనక నడిచింది.

"ఎక్కడికి? ఏయ్, ఎక్కడికి?"

ఆమె నడక చూసి పక్కింటివాళ్లు లేచారు. దుకాణం బల్ల మీద కూర్చున్నవాళ్లు లేచారు. మిట్ట ఎక్కేసరికి వెనక ఊరు సగం ఉంది.

వైసలే పాక తలుపు తీసి ఉంది. ఎడ్లను కట్టేసి అతను మోటారు పంపును బయట పెట్టి, రేపటి కోసం దాని మందు చిమ్మే ముక్కు ఊడదీసి సూదితో గుచ్చి శుభ్రం చేస్తున్నాడు. అతని పిన్ని లూసియానా దీవి నుంచి చుట్టపు చూపుగా వచ్చి ఉంది. ఆ లావుపాటి ముసలామె గుమ్మంలో చాప అల్లుతోంది. వస్తున్న జనాన్ని చూసి అల్లిక ఆపింది.

అపెనీసా వచ్చి పంపు ముందు నిలబడ్డాడు. వైసలే తలెత్తాడు.

"ఏం బావా?"

అపెనీసా నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ మూశాడు. మెరేసెయిని కత్తిని గుండెకు ఆనించుకుంది. మాట లేకుండా ఆ పంపు ముట్టుకుంటే దొంగ అవుతాడు. ముట్టుకోకుండా వెనక్కి తిరిగితే ఇక ఊళ్లో తల ఎత్తలేడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పీతా" అన్నాడు.

గొంతు కీచుగా వచ్చింది. ఎవరూ నవ్వలేదు. సగం తిట్టు అది, ఇంకా ఏదో రావాలి.

"అడ్డంగా నడిచే పీతా. మీ తాత ఈదలేక తాబేలు తోక పట్టుకుని ఈ ఒడ్డుకొచ్చాడు. ఆ తాబేలు ఇప్పటికీ సిగ్గుపడి నీళ్లలోనే ఉంది. నీ డబ్బా నేను పట్టుకుపోతున్నా. ఆ రెండోది కూడా."

ముందు లూసియానా పిన్ని పేలింది. ఆ నవ్వుకు చాప ఒళ్లోంచి జారిపోయింది. తర్వాత మిట్ట మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇద్దరు కింద కూర్చుండిపోయారు. ఎవరో "తాబేలు, తాబేలు" అంటూ తొడలు చరుచుకున్నారు. అపెనీసా ఇన్నేళ్లు దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి ఖర్చు పెట్టినట్టు ఆయాసపడుతున్నాడు. వంగి, మోటారు పంపు పట్టీల్లో భుజాలు దూర్చి లేచాడు. పాకలోకి వెళ్లి చేతి పంపును చేత్తో పట్టుకొచ్చాడు.

వైసలే కూడా నవ్వాడు. నవ్వక తప్పదు. అయితే సూదీ, పంపు ముక్కూ ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి.

"బావా, ముక్కు మరిచిపోయావు."

అపెనీసా చేయి చాచాడు. వైసలే ముక్కు అతని అరచేతిలో పెట్టాడు. జనం మళ్లీ నవ్వారు.

సాయంత్రం ఇనోకే వచ్చి గడపలో కూర్చున్నాడు. కాళ్ల వేళ్లు చూసుకుంటూ మాట మొదలుపెట్టాడు.

"రేపు మందు కొట్టాలని అనుకున్నాం కదా."

"కొట్టండి."

"పంపులు?"

"నా దగ్గరున్నాయి."

"రెండోది ఊరిది కదయ్యా."

"వాడి పాకలో ఉంది."

ఇనోకే తల గోక్కున్నాడు. తౌవూ పాకలో ఉన్నది తౌవూదే. పెద్దల మాట గొప్పదే, కానీ ఇది పెద్దలకన్నా ముందు నుంచి ఉన్నది. ఇప్పుడు అడిగితే వైసలే పరువు పోతుంది. ఇనోకే భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని మెరేసెయినికి అప్పుడు అర్థమైంది.

"తాబేలు తోక" అన్నాడు ఇనోకే లేస్తూ. "అది ఎక్కడ దొరికింది నీకు?"

అపెనీసాకూ తెలియదు.

మంచం మీద మెరేసెయిని అటూ ఇటూ దొర్లింది. "వాడు ఊరుకోడు. రేపు వస్తాడు. ఏం ఎత్తుకుపోతాడో. పందినా? పందైతే పోనీ."

పంది కాదు. శనివారం మంచు ఆరకముందే వైసలే వచ్చాడు. వెనక ఎద్దు, ఎద్దు వెనక చక్రాల్లేని చెక్క బండి, బండి మీద లూసియానా పిన్ని. తిన్నగా పొలంలోకి తోలాడు. ఊరంతా గట్ల మీద నిలబడింది.

"కొండ కప్పా" అని అరిచాడు వైసలే. "మీవాళ్లు కొండ దిగినప్పుడు నడవడం రాక దొర్లుకుంటూ వచ్చారట. అందుకే మీ తలలు ఈ క్యాబేజీల్లా గుండ్రంగా ఉంటాయి. నీ తలలు నేను కోసుకుపోతున్నా."

చెరుకు కత్తి తీసి మొదటి వరసలో వంగాడు. అన్నిటికన్నా ముందు ముదిరిన వరస అది. మెరేసెయిని గుండె మీద చేయి వేసుకుంది. ఆ వరస చర్చికి ఇచ్చే తొలికోతకు ఉంచింది. ఆమె అడుగు ముందుకు వేయబోతే అపెనీసా మోచేయి పట్టుకున్నాడు. నవ్వాలి. అతనికి నవ్వడం కూడా అంతగా రాదు. పళ్లు కనబరిచాడు.

వైసలే మొదటి తలను కోసి అందరికీ కనబడేలా పైకెత్తాడు. బయటి ఆకులు చిల్లులు చిల్లులు. "చూడండి హోటల్ కిటికీలు" అన్నాడు. అంటూ దాన్ని బండి అంచు మీద పెట్టి నిలువునా నరికాడు.

లోపల తెల్లగా, బిగుతుగా, చుక్క మచ్చ లేకుండా ఉంది.

అతను ఆ రెండు ముక్కలూ తిప్పి తిప్పి చూశాడు. ఇంకోటి కోశాడు. నరికాడు. తెల్లగా ఉంది. ఈసారి వరస మధ్యలోకి పోయి చిన్నది ఏరి నరికాడు. గట్ల మీద మాటలు తగ్గాయి. వైసలే పొలంలో పురుగు నడిమొగ్గలోకి దూరి తినేస్తోంది, తల కట్టడమే లేదు. ఆ సంగతి అక్కడున్న వాళ్లందరికీ తెలుసు, ఎందుకంటే వాళ్ల పొలాల్లోనూ అంతే.

లూసియానా పిన్ని ఒక ముక్క అందుకుని కరకరా నమిలింది. "తియ్యగా ఉందిరా. మందు వాసన లేదు. ఆపావేం, కొయ్యి."

వైసలే కోశాడు. ఇక తిట్లు లేవు. బయటి ఆకులు తీయకుండా, దారిలో నలగకుండా, పెద్ద ఆకుల్లోనే చుట్టి బండి మీద పేర్చాడు. ఆ ఆకుల వెనకే గూళ్లున్నాయి. ఒక్కో తల బండి ఎక్కినప్పుడల్లా అపెనీసా పెదాలు కదిలాయి. వరస అయిపోయింది. బండి మట్టిలో గీత గీసుకుంటూ పోయింది. ఖాళీ వరసలో మొదళ్లు తెల్లగా మిగిలాయి.

"కందిరీగలు కూడా పోయాయి" అంది మెరేసెయిని.

"మిగతావి ఉన్నాయి" అన్నాడు అతను. కానీ ఆ వరస దగ్గరికి మళ్లీ పోలేదు.

ఆదివారం చర్చి అయ్యాక జనం ఇళ్లకు పోతున్నారు. నేలలో గొయ్యి తీసి పేర్చిన పొయ్యిల్లోంచి మాంసం వాసన వస్తోంది. అపెనీసా మెరేసెయిని వెంట నడుస్తుండగా లూసియానా పిన్ని రొప్పుతూ వచ్చింది.

"మావాడు పిలుస్తున్నాడు. పొలంలో ఉన్నాడు. ఆదివారం పూట పొలమేంట్రా అంటే వినడు. పొద్దున్నుంచి బోర్లా పడుకున్నాడు. చర్చికి కూడా రాలేదు. పిచ్చేమో అని భయంగా ఉంది."

వైసలే పొలం గట్టున, ముందురోజు ఎత్తుకొచ్చిన క్యాబేజీల నుంచి ఒలిచి పారేసిన ఆకులు కుప్పగా ఉన్నాయి. పక్క వరసలో వైసలే నిజంగానే బోర్లా పడుకుని ఉన్నాడు. చర్చికని కట్టుకున్న బూడిదరంగు లుంగీకి ముందంతా ఒండ్రే.

"వంగు" అన్నాడు, తలెత్తకుండానే. "నీడ పడనీకు. మెల్లగా."

అపెనీసా మోకాళ్ల మీద కూర్చున్నాడు. తర్వాత అతను కూడా చర్చి లుంగీతో బోర్లా పడుకున్నాడు. వైసలే క్యాబేజీ ఆకు మీద చీమకన్నా చిన్నది, నల్లనిది, రెక్కలది ఒకటి నడుస్తోంది. మీసాలు ఆకు మీద టకటకా కొడుతూ, ఆగి, వాసన చూసి, మళ్లీ పరుగు. ముందు ఒక లేత పచ్చపురుగు ఉంది. పురుగు దారం వదిలి కిందికి వేలాడింది. నల్లది ఆకు అంచున ఆగింది. వేలాడుతున్న పురుగు నెమ్మదిగా దారం పట్టుకుని మళ్లీ పైకి పాకింది.

"ఇప్పుడు" అని గుసగుసలాడాడు వైసలే.

నల్లది ఒంటిని కిందికి వంచి ఒక్క పోటు పొడిచింది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. పురుగు కొట్టుకుంది. అది మాత్రం అప్పటికే ఇంకో ఆకు మీద ఉంది.

వైసలే ఊపిరి వదిలాడు. "పొద్దున చెత్తకుప్ప చుట్టూ ఏవో ముసురుతుంటే ఈగలనుకున్నా. చూస్తే నా పొలంలోకి పోతున్నాయి. ఎన్నిటిని పొడిచాయో లెక్క పెట్టలేకపోయాను. బావా, నేను మందు కొడితే పురుగు నన్ను చూసి నవ్వేది. వీటిని చూసి ఉరేసుకుంటోంది."

గట్టు మీద ఇనోకే, అతని వెనక ఇంకొందరు చేరారు. ఆదివారం పని చేయకూడదు, చూడవచ్చు. ఒక్కొక్కరే దిగి, మంచి బట్టలతోనే వరసల మధ్య వంగారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. "ఇదిగో ఇక్కడ", "నాకు చూపించు", "కదలకు" అని అటునుంచీ ఇటునుంచీ వినబడుతోంది. ఒక ముసలాయన ఆకు వెనక తెల్ల గింజను చూసి, అలవాటుగా గోటితో నలపబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

వైసలే లేచి కూర్చున్నాడు. గడ్డానికి మట్టి.

"వీటిని నేనే ఎత్తుకొచ్చానా?"

"ఎత్తుకొచ్చావు."

"తిరిగి అడుగుతావా?"

"అడగకూడదు."

వైసలే కాసేపు అతన్నే చూశాడు. ఈసారి నవ్వు కళ్లలోకి కూడా వచ్చింది. "నేనూ పంపు అడగను. నీ దగ్గరే ఉండనీ. దాంట్లో కోళ్లకి నీళ్లు పొయ్యి."

ఇనోకే కుప్పలోంచి ఒక ఆకు తీసి, వెనక చూసి, జాగ్రత్తగా మళ్లీ పెట్టాడు. "వైసలే, నీ సొత్తు ఎత్తుకుపోయే హక్కు మాకందరికీ ఉంది కదా?"

"తిట్టాలి" అన్నాడు వైసలే.

"రేపు వస్తాను. ఇవాళ ఆదివారం. తిట్టు ఆలోచించుకోవాలి కూడా." ఇనోకే అపెనీసా వైపు తిరిగాడు. "తాబేలు అయిపోయింది కాబట్టి."

ఇంటికి వెళ్తుంటే మెరేసెయిని చేతివేళ్ల మీద ఏవో ఇళ్లు లెక్క పెట్టుకుంది. "ఊరంతా వైసలే కుప్ప మీద పడితే వాడికి ఏం మిగుల్తుంది? మళ్లీ మన దగ్గరికే రావాలి వాడు."

మర్నాడు పొద్దున్నే అపెనీసా పొలానికి వెళ్లాడు. అడ్డు పెట్టిన తడికె ఊడదీసి, వైసలే చెక్క బండి పట్టేంత దారి వదిలి, పక్కకు ఆనించాడు. ఆకులు తిప్పి చూసి, ఇంకా చిట్లని గూళ్లు ఎక్కువున్న వరసకు గుర్తుగా ఒక ఎండు కొమ్మ పాతాడు. తర్వాత పొలం అవతలి చివరకు పోయి, ఆ దారికి వీపు పెట్టి కూర్చుని, కలుపు తీయడం మొదలుపెట్టాడు.